నోటితో చేసి చూపించండి

చెవుల మేస్త్రి దగ్గరికి మోటారు సైకిల్ తీసుకెళ్ళిన ఏ మనిషైనా, ఎంత పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నవాడైనా సరే, ముందు నడిరోడ్డు మీద నిలబడి ఆ బండి చేస్తున్న చప్పుడు తన నోటితో చేసి చూపించాల్సిందే. చెయ్యనివాడి బండి మీద ఆయన చెయ్యి వేసేవాడు కాదు.

"ఇంజన్లో ఏదో కొట్టుకుంటోంది మేస్త్రీ."

"ఏదో అంటే?"

"అదే, టకటకమని..."

"టకటకా, టకాటకా, ఠక్కుఠక్కా? మూడూ మూడు రోగాలండీ. మాటలొద్దు. నోటితో చేసి చూపించండి."

దీనికి ఆయన చెప్పే కారణం ఒక్కటే. ఇంటి దగ్గర రాత్రంతా దగ్గిన పిల్లవాడు డాక్టరు గుమ్మం తొక్కగానే దగ్గు మానేసినట్టు, వారం రోజులుగా ఊరంతా వినేలా కొట్టుకున్న బండి మెకానిక్ ముందుకి రాగానే బుద్ధిమంతురాలైపోతుంది. "నా ముందు ఏ బండీ నిజం చెప్పదు. దాని నిజం మీ నోట్లో ఉంది. కానివ్వండి" అనేవాడు. ఇప్పటి బళ్ళకి ఈ బాధ లేదు. అవి చప్పుడే చెయ్యవు, చేసినా తీగ తగిలిస్తే తెర మీద అంకెలు వస్తాయి. ఆ అంకెల్ని చూసి ఎవరైనా నవ్వగా మీరు చూశారా? నేను చూడలేదు.

రెండు బళ్ళు పక్కపక్కన పెడితే మూడో మనిషి పట్టని రేకుల షాపు అది. నేల నూనె తాగి తాగి నల్లబడింది. గోడ మీద ఒక్కో పనిముట్టు చుట్టూ తెల్లరంగుతో దాని ఆకారం గీసి ఉండేది, ఏది తీసినా ఎక్కడ పెట్టాలో తెలిసేలా. అన్నింటికీ మధ్యలో మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్. దాని మొన ఇంజన్ మీద, చెక్క పిడి తన చెవికీ ఆనించి కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ పిడి ఏళ్ళ తరబడి ఆయన చెవి రాసుకుని అద్దంలా మెరిసేది. సహాయానికి ఎవరినీ పెట్టుకోలేదు. "షాపులో రెండు చెవుల కంటే ఎక్కువుంటే గొడవ" అనేవాడు. వచ్చినవాళ్ళ కోసం ఒక స్టూలు ఉండేది గానీ, ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగేది. అయినా దాని మీద కూర్చున్నవాళ్ళెవరూ లేరు. చప్పుడు చెయ్యాలంటే నిలబడాలి, కూర్చుంటే పొట్ట అడ్డం వస్తుందని మేస్త్రి రూలు.

ఎదురుగా ఒక సెలూన్ ఉండేది. దాని యజమానికి ఊళ్ళో మార్కుల మాస్టారని పేరు. చేతిలో కత్తి, కుర్చీలో నురగ మొహంతో మనిషి, అలాగే ఆపేసి గుమ్మంలోకి వచ్చి రోడ్డు మీద చప్పుడు చేస్తున్నవాడిని ఆసాంతం వినేవాడు. విని, వెనక్కి తిరిగి, సబ్బు నురగతో అద్దం మూల మీద నూటికి ఇన్ని అని మార్కులు వేసేవాడు. సగం గడ్డంతో కూర్చున్నవాడు కూడా ఏమీ అనేవాడు కాదు. వాడూ మెడ తిప్పి వింటూ ఉండేవాడు మరి.

ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన మీసం ముందు వచ్చి ఆయన వెనక వచ్చేవాడు.

"నేనా? రోడ్డు మీదా?" అన్నాడు.

"బండి తిరిగేది రోడ్డు మీదే కదండీ" అన్నాడు మేస్త్రి.

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "కిటకిటకిట" అన్నాడు.

"అది వాల్వుని నొక్కే టాపెట్ ముక్క వదులు. ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఉంది. మీరు దాస్తున్నారు."

రోజుకి పదిమందిని ఆ మాటే అనే ఇన్‌స్పెక్టరుని ఇంకొకరు ఆ మాట అనడం అదే మొదటిసారి. పాపం, ఆయన మొహం కందగడ్డయింది. చివరికి ఒప్పేసుకున్నాడు. "స్టార్ట్ చేసినప్పుడు... డబుక్, డబుక్ అని కూడా వస్తుంది" అన్నాడు. మార్కుల మాస్టారు అరవై వేశాడు. అందులో పది నిజం చెప్పినందుకని తరవాత చెప్పాడు.

ఇంకోసారి ఒకే బండి పంచుకునే అన్నదమ్ములు వచ్చారు. అన్న "గడగడ" అన్నాడు, తమ్ముడు "గరగర" అన్నాడు, ఇద్దరూ కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. మేస్త్రి ఇద్దరినీ విడదీసి విడివిడిగా చేయించాడు. "బండికి రోగం లేదు. పెద్దాయన నాలుగో గేరులో నడకలా పోనిస్తాడు, చిన్నాయన రెండో గేరులో పరుగెత్తిస్తాడు. ఒకరు నడిపే తీరు ఒకరు నేర్చుకోండి, పొండి" అని పంపేశాడు. సంగీతం టీచరమ్మ వచ్చినప్పుడైతే ఆవిడ ఆ చప్పుడుని ఎంత తీయగా పాడిందంటే, "అమ్మా, ఇంత బాగుంటే రిపేరెందుకు, ఉంచేసుకోండి" అన్నాడు.

ఇలాంటి మనిషి దగ్గరికి ఒక సోమవారం పొద్దున్న లైబ్రేరియన్ గారు వెళ్ళాల్సి వచ్చింది.

లైబ్రేరియన్ గారి సంగతి ఒక్క ముక్క చెప్పాలి. ఇరవై నాలుగేళ్ళుగా పెదవుల మీద వేలు పెట్టుకుని బతికిన మనిషి ఆయన. తుమ్మొస్తే బయటికెళ్ళి తుమ్మి వచ్చేవాడు. కుర్చీ జరపాలంటే ఎత్తి పెట్టేవాడు. ఇంట్లోనూ అంతే, మాటకి మాట లెక్కే. ఆయన తరఫున పెద్దగా మాట్లాడేది ఆ పాత మోటారు సైకిల్ ఒక్కటే. పెళ్ళయిన ఏడాది ఎవరో వాడినదాన్ని కొన్నాడు. కొన్నప్పుడు నలుపు, ఇప్పుడు బూడిద రంగు. ఊరి కింద లైబ్రరీ, మిట్ట మీద ఇల్లు. ఆ మిట్ట ఎక్కుతుండగానే, కొత్తకాపురంలో, వాళ్ళావిడ మొదటిసారి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పడిపోతానేమోనని వేశానని ఆవిడ అంటుంది. ఎలాగైతేనేం, వేసింది. అమ్మాయి పుట్టినప్పుడు తల్లీబిడ్డలు ఇంటికొచ్చిందీ ఆ బండి మీదే.

అలాంటి బండి రెండు నెలలుగా మిట్ట ఎక్కేటప్పుడు కొట్టుకోవడం మొదలుపెట్టింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుండేది. కొత్తగా పెట్టిన ఇంకో షాపు కుర్రమెకానిక్, బండి వైపు ఒకసారి చూసి, "పిస్టన్ రాడ్డు పోయింది సార్. ఏదో ఒక రోజు ఇంజన్ పట్టేస్తుంది. పాత ఇనుముకి వేసెయ్యండి" అన్నాడు. ఆ ముక్క వాళ్ళావిడ చెవిన పడింది.

"నావల్ల కాదండీ ఆ మోత వినడం" అంది ఆవిడ. "ఆదివారం మా తమ్ముడు ఎవరినో తీసుకొస్తానన్నాడు. ఇచ్చేద్దాం."

"ఈలోగా చప్పుడు పోతే?"

"పోదు."

"పోతే?"

"పోతే అప్పుడు చూద్దాం. పోదులెండి."

వచ్చే ఆదివారం అంటే మధ్యలో ఆరు రోజులే.

మేస్త్రి సంగతి ఆయనకి తెలియనిది కాదు. అందుకే రాత్రి కూర్చుని, చప్పుడు ఎప్పుడు వస్తుంది, ఎలా ఉంటుంది, ఎంతసేపుంటుంది అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక కాగితం నిండా రాసి పట్టుకెళ్ళాడు. మేస్త్రి కాగితం తీసుకున్నాడు. మర్యాదగా పై నుంచి కింది దాకా చూశాడు. నాలుగు మడతలు పెట్టి, స్టూలు పొట్టికాలి కింద దోపాడు. స్టూలు ఊగడం మానేసింది.

"బాగా రాశారు. ఇప్పుడు నోటితో చేసి చూపించండి."

లైబ్రేరియన్ గారు సంచీ గుండెలకి హత్తుకుని, కళ్ళు మూసుకుని, ఎవరో నిద్రపోతుంటే వాళ్ళని లేపకుండా అన్నట్టు, "టక్... టక్..." అన్నాడు.

"వినపడలేదు."

"టక్."

ఎదురుగా మార్కుల మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రెండడుగులు రోడ్డు మీదికి వచ్చాడు. మళ్ళీ లోపలికెళ్ళి పది వేశాడు. అదీ జాలిపడి వేసిన పది.

"సార్, ఇది గోడ గడియారం చప్పుడు" అన్నాడు మేస్త్రి. "సరే, బండి వదిలి వెళ్ళండి. ఎందుకంత కంగారు పడుతున్నారు?"

లైబ్రేరియన్ గారు ఆదివారం సంగతి చెప్పాడు.

"అమ్మేద్దామంటోంది ఎవరు?"

"మా ఆవిడ."

"కోపమా?"

"కోపమే. ఆ చప్పుడంటే పడదు. నేను ఇంటికి చేరేసరికి మొహం మాడ్చుకుని ఉంటుంది."

మేస్త్రి ఊఁ అన్నాడు. సాయంత్రం బండి తిరిగి ఇచ్చేస్తూ, "మీ టక్ టక్ దీంట్లో ఎక్కడా లేదు. బాగా విని రండి" అన్నాడు.

మంగళవారం ఆయన మిట్ట రెండుసార్లు ఎక్కాడు, విన్నాడు. బుధవారం మధ్యాహ్నం లైబ్రరీలో, చరిత్ర పుస్తకాల బీరువాల మధ్య ఎవరూ లేరని చూసుకుని సాధన మొదలుపెట్టాడు. "టకటక... కటకట..." పన్నెండేళ్ళుగా రోజూ అదే కుర్చీలో పేపరు చదువుకునే పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, "ష్‌ష్" అన్నాడు. ఆ లైబ్రరీలో లైబ్రేరియన్‌ని నోరు మూసుకోమనడం అదే మొదటిసారి. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ సాయంత్రం షాపు ముందు చేసి చూపించాడు. పద్దెనిమిది మార్కులు.

"ఈ చప్పుడుకి నేను కుట్టుమిషన్ బాగు చెయ్యాలి" అన్నాడు మేస్త్రి.

శుక్రవారం ఆయన తలప్రాణం తోకకొచ్చింది. ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఊపిరంతా బిగబట్టి, మెడ నరాలు తేలేలా, "కటకటకటా!" అన్నాడు. ఆ రోజు ఇరవై రెండు.

"మేస్త్రీ, మీకు దణ్ణం పెడతాను. నా నోటికి ఇంతకంటే రాదు. ఒక్కసారి మీరే మిట్ట ఎక్కించి చూడకూడదా?"

"నేను ఎవరి బండీ తోలను సార్. తోలితే నా చేతికి తగ్గట్టు నడుస్తుంది. తప్పు మీది కాదు. మీరు బండి మీద కూర్చుని వింటారు, గాలి సగం పట్టుకుపోతుంది. ఎదురుగా నిలబడి వినే చెవి కావాలి. ఇంట్లో అలా వినేవాళ్ళెవరున్నారు?"

"ఇంట్లో... మా ఆవిడే."

"అయితే అమ్మగారిని తీసుకురండి. రేపు పొద్దున్నే."

లైబ్రేరియన్ గారు ఇంటికెళ్ళి, తలుపు పక్కన నిలబడి, మూడుసార్లు నోరు తెరిచి మూసి, నాలుగోసారి చెప్పాడు.

"ఏమిటీ?" అంది వాళ్ళావిడ. "నేనొచ్చి రోడ్డు మీద కూతలు కూయాలా? అయితే వారం నుంచీ మిమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టి కూయిస్తున్నాడా ఆయన? మీరు కూస్తున్నారా? వస్తా. ఎందుకు రానూ? వచ్చి నాలుగు దులిపి మరీ వస్తా."

శనివారం పొద్దున్న షాపు ముందు బండి ఆగుతుండగానే ఆవిడ దిగింది. చీర కొంగు నడుములో దోపింది. ఎదురుగా మార్కుల మాస్టారు కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాడు.

"ఏం మేస్త్రీ, మా ఆయన అమాయకుడని చెప్పి వారం రోజులు ఆడిస్తున్నారా? చప్పుడేమిటో మీకు తెలియదా? మా వీధి వీధంతటికీ తెలుసు!"

"నాకు తెలియదమ్మా" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "మీకు తెలుసా?"

"తెలియకేం! ఆరుంపావుకి లైబ్రరీ సందు మలుపు తిరుగుతుందా, అక్కడ డుగ్... డుగ్... డుగ్... డుగ్. అక్కడ ఏమీ ఉండదు, బుద్ధిగానే ఉంటుంది. నీళ్ళ ట్యాంకు దాటాక కాస్త హుషారు, డుగుడుగుడుగుడుగు. మిట్ట మొదలవుతుంది. అక్కడ గేరు మార్చాలా? మార్చరు! ఈయనకి బద్ధకం. బండేమో ఈడవలేక డుగ్గ్... డుగ్గ్... డుగ్గ్... అని మూలుగుతుంది. అప్పుడు మొదలవుతుంది, కణ... కణకణ... కణకణకణకణకణ! కరెంటు స్తంభం దగ్గర ఇంకా పెద్దగా, కణకణకణకణ, కణకణకణకణ! పైకి చేరగానే, కణ... కణ... ఆగిపోతుంది. మళ్ళీ డుగుడుగు. గేటు దగ్గర డుగ్, డుగ్, ఫట్!"

ఆవిడ ఊపిరి తీసుకుంది. వీధి మొత్తం నిలబడిపోయింది. పళ్ళ బండివాడు నోరెళ్ళబెట్టాడు. సెలూన్ కుర్చీలో మనిషి నురగ మొహంతోనే లేచి వచ్చి చప్పట్లు కొట్టాడు. మార్కుల మాస్టారు పరుగున లోపలికెళ్ళి అద్దం మీద తొంభై ఎనిమిది వేసి, అక్కడి నుంచే గట్టిగా చదివాడు.

"రెండెందుకు తగ్గాయి?" అంది ఆవిడ, కోపం మరిచిపోయి.

"పొగ రాలేదమ్మా" అన్నాడాయన.

మేస్త్రి నవ్వలేదు. కళ్ళు మూసుకుని ఉన్నవాడు తెరిచి, "ఆ కణకణ వచ్చేటప్పుడు మీరెక్కడుంటారమ్మా?" అని అడిగాడు.

"వంటింటి కిటికీ దగ్గర."

"ఆగిపోయాక?"

"స్టవ్ వెలిగిస్తా."

"ఆగేదాకా?"

ఆవిడ కొంగు నడుములోంచి తీసి, మళ్ళీ దోపింది.

"ఆగేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడతా. ఏం చెయ్యమంటారు మరి? ఏదో రోజు ఇంజన్ పట్టేస్తుందని ఆ కుర్రాడన్నాడుగా. ఆ మిట్ట మీద, సగంలో, వెనకాల లారీలు. రెండు నెలల నుంచీ రోజూ ఆరుంపావుకి నాకు గుండె గుబేల్‌మంటోంది. ఈయనకేం, హాయిగా కూర్చుని వస్తారు."

లైబ్రేరియన్ గారు సంచీ చేతులు మార్చుకున్నాడు. రెండు నెలలుగా మాడిన ఆ మొహం చూసి కోపమనుకున్నాడు. ఇరవై ఏళ్ళు దాటిన కాపురంలో కోపమేదో భయమేదో తెలుసుకోలేకపోయానే అని ఆయనకి తన మీద తనకే జాలేసింది.

"ఇటు రండమ్మా, కూర్చోండి" అన్నాడు మేస్త్రి. ఆ స్టూలు మీద కూర్చున్న మొదటి మనిషి ఆవిడే. లైబ్రేరియన్ గారి కాగితం పుణ్యమా అని అది ఊగలేదు. "రాడ్డు పోతే వచ్చే చప్పుడు వినండి." మేస్త్రి గడ్డం మెడకి ఆనించి, కడుపులోంచి, "ధుమ్... ధుమ్... ధుమ్" అన్నాడు. "చదును రోడ్డు మీద కూడా వస్తుంది, వదలదు. మీరు చేసింది అది కాదు. పైన, సన్నగా, బరువు పడ్డప్పుడే వచ్చి మిట్ట అయిపోగానే పోయే చప్పుడు. ఇంజన్ తలలో మసి పేరుకుంది. దానికి తోడు నిప్పు పుట్టించే చోట ప్లేటు స్క్రూ వదులై పక్కకి జరిగింది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే, వేళ కాకుండా, నిప్పు ముందే అంటుకుని దాని నెత్తిన మొడుతోంది."

"అయ్యో పాపం" అంది ఆవిడ పిస్టన్ని తలుచుకుని.

"ఇలాగే నెలల తరబడి వదిలేస్తే పాడవుతుంది గానీ, ఇవాళ్టికి ఏమీ కాలేదు. ఇంకో మాట. సార్ మిట్ట మీద గేరు మార్చాలి."

"నేను చెప్పలేదూ!" అని ఆవిడ అరిచిన అరుపుకి మార్కుల మాస్టారు మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు.

మేస్త్రి ఇంజన్ తల విప్పి, మసి మొత్తం గీకి, ఆ నల్లటి పెళ్ళల్ని ఒక కాగితం మీద పోసి ఆవిడకి చూపించాడు. ప్లేటు సరిచేసి, చివరి స్క్రూ బిగించకుండా ఆపి, చిన్న స్క్రూడ్రైవర్ ఆవిడ చేతికిచ్చాడు. "ఇది మీరు బిగించండి. ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు." ఆవిడ నాలుక పంటికింద పెట్టుకుని బిగించింది. మధ్యాహ్నానికి బండి సిద్ధమైంది.

మిట్ట మొదట్లో లైబ్రేరియన్ గారు గేరు మార్చాడు. వెనక ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి, తల ఒక పక్కకి వంచి, వింటూ కూర్చుంది. కరెంటు స్తంభం వచ్చింది, వెళ్ళింది. కణ అన్న అక్షరం వినిపించలేదు. ఇల్లు చేరాక దిగి, తాళం తీస్తూ, "గేరు మార్చారే" అంది. అంతే అంది గానీ, ఆ పూట కూరలో రెండుసార్లు ఉప్పు వేసి తనే నవ్వుకుంది.

ఆదివారం ఆవిడ తమ్ముడు ఒక పెద్దమనిషిని వెంటపెట్టుకుని వచ్చాడు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చప్పుడొస్తోందన్నావు కదక్కా, ఇచ్చేద్దామని?"

"ఏ చప్పుడురా? నోటితో చేసి చూపించు."

తమ్ముడు తెల్లమొహం వేశాడు. పెద్దమనిషి వైపు చూశాడు. ఆయనా తెల్లమొహమే వేశాడు. ఇద్దరూ టీ తాగి వెళ్ళిపోయారు.

కథ ఇక్కడితో అయిపోవాలి. అవలేదు.

సోమవారం ఆరుంపావుకి లైబ్రేరియన్ గారు హాయిగా మిట్ట ఎక్కి, బండి ఆపి, వంటింట్లోకి వెళ్ళి, "వచ్చాను" అన్నాడు. వాళ్ళావిడ కెవ్వున అరిచి చేతిలో గరిటె జారవిడిచింది.

"ఏమిటండీ దొంగలా! ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే."

"వస్తున్నట్టు తెలియాలా వద్దా?"

మంగళవారం పాలు పొంగిపోయాయి. బుధవారం ఆవిడ ఆరింటి నుంచే గేటు దగ్గర నిలబడింది, దోమలు కుడుతున్నా. మోగినా తంటా, మోగకపోయినా తంటా. ఆ డుగుడుగు ఉండనే ఉంది గానీ, వీధిలో ప్రతి పాత బండీ డుగుడుగే అంటుంది. తన మనిషి వస్తున్నాడని చెప్పేది ఏదో ఒకటి కావాలి. ఆవిడ ఆ మాట అనలేదు. గేటు దగ్గర నిలబడిన తీరు చూసి లైబ్రేరియన్ గారే పట్టేశాడు. ఈసారి కోపమనుకోలేదు.

గురువారం లైబ్రరీ వదిలాక ముందు సెలూన్‌కి వెళ్ళాడు, జుట్టు పెరిగిందని. కత్తెర ఆడిస్తూ మార్కుల మాస్టారు కబుర్లలో పడ్డాడు.

"మొత్తానికి సార్, మా మేస్త్రి మిమ్మల్ని వారం తిప్పాడు. మొదటిరోజే తెలుసాయనకి."

"ఏం తెలుసు?"

"అంతా తెలుసు. మీరటు లైబ్రరీకి వెళ్ళారో లేదో, ఇటు బండేసుకుని ఆ మిట్ట రెండుసార్లు ఎక్కి దిగాడు."

"ఆయన ఎవరి బండీ తోలడు కదా!"

"అందరివీ తోలతాడు. మీరు సందు దాటేదాకా తోలడు, అంతే."

లైబ్రేరియన్ గారు కుర్చీలో సగం తిరిగాడు. "మరి నా చేత ఆ కూతలెందుకు?"

"తల కదపకండి, చెవి తెగుతుంది. నేనూ అడిగా. ఒక పూట పనికి ఈ తిప్పుడేమిటయ్యా అని. 'బండి బాగుచేసి ఇచ్చేస్తే ఆవిడ నమ్మదు, ఆదివారం అమ్మించేస్తుంది. ఈయన ఒక్క మాట మాట్లాడడు. ఆవిడే రావాలి, ఆవిడ నోటే రావాలి' అన్నాడు. ఇంజన్లో చప్పుడు విన్నవాళ్ళందరూ హడిలిపోయి వస్తారట సార్. నలుగురిలో నోటితో చేసి, నలుగురూ నవ్వి, వాళ్ళూ నవ్వితే సగం భయం అక్కడే పోతుందట. ఇన్‌స్పెక్టరు గారు కూడా భయపడే వచ్చారు, తెలుసా? అది వాళ్ళ నాన్నగారి బండి. మార్కులు వెయ్యమని నాకు చెప్పిందెవరనుకున్నారు?"

లైబ్రేరియన్ గారు అద్దంలోకి చూశాడు. మూలన ఆ రోజు తాలూకు మార్కులు ఎండిపోయి ఉన్నాయి. వాటి వెనక, రోడ్డుకి అవతల, మేస్త్రి ఎవరి బండి మీదో వంగి, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ మనిషి మీద ఆయనకి ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

మెడ మీద వెంట్రుకలు దులుపుకోకుండానే రోడ్డు దాటాడు.

"మేస్త్రీ, నాకొక చప్పుడు కావాలి."

మేస్త్రి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "తీసెయ్యమన్నవాళ్ళే గానీ, కావాలని వచ్చినవాళ్ళు లేరు సార్ ఇంతవరకూ. ఎలాంటి చప్పుడు?"

"ఇంజనుకి నష్టం ఉండకూడదు. మిట్ట కింద నుంచి వంటింటి కిటికీ దాకా వినపడాలి. ఇంకే బండికీ ఉండకూడదు."

"బాగానే ఉంది. అది ఎలా ఉంటుందో..."

ఆయన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు లైబ్రేరియన్ గారు. సంచీ స్టూలు మీద పెట్టాడు. నడిరోడ్డు మీదికి వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఇరవై నాలుగేళ్ళుగా వాడని గొంతు మొత్తం వాడేశాడు. పళ్ళ బండివాడు బండి ఆపాడు. లైబ్రరీ నుంచి ఇంటికెళుతున్న పేపరు పెద్దాయన ఆగి, వేలు పెదవుల దాకా ఎత్తి, ఏమనుకున్నాడో దించేశాడు. మార్కుల మాస్టారు చివరిదాకా విని, తల ఊపుతూ లోపలికెళ్ళాడు.

మేస్త్రి నవ్వుతూ వంగి, ఒక టాపెట్ నట్టు వదులు చేసి, వెంట్రుకవాసి సందిచ్చి మళ్ళీ బిగించాడు. కిక్కు కొట్టి విన్నాడు. ఇంకో వెంట్రుకవాసి ఇచ్చాడు. "చాలు. టికటికమంటుంది, అంతే. ఏడాదికోసారి తెచ్చి చూపించండి, పెరగకుండా చూస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం లైబ్రేరియన్ గారు మిట్ట మొదట్లో గేరు మార్చి, తీరిగ్గా ఎక్కి, గేటు ముందు బండి ఆపేసరికి వంటింట్లో స్టవ్ వెలిగి ఉంది, వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగుతో చెయ్యి తుడుచుకుంటోంది.

"వస్తున్నట్టు ఎలా తెలిసింది?" అన్నాడాయన ఏమీ ఎరగనట్టు.

బొంగురుపోయిన ఆ గొంతు విని, ఆవిడ ఆయన మెడ మీద అంటుకున్న వెంట్రుకల వైపు చూసింది.

"ఎన్నొచ్చాయి?" అంది.

"ముప్ఫై అయిదు" అన్నాడు లైబ్రేరియన్ గారు, తొంభై ఎనిమిది తెచ్చుకున్న మనిషి ముందు కాస్త సిగ్గుపడుతూ. "పాసయ్యాను."